పొగ లేని ఫొటో

పాలమూరు ప్రాంతంలోని కోడేరుకు రైలు లేదు. అక్కడివాళ్లు రైలెక్కాలంటే వనపర్తి రోడ్డుకో, గద్వాలకో, కాదంటే మహబూబ్‌నగర్‌కో పోవాలి. ఆ మూడు స్టేషన్ల మీదుగా పోయే దారి నిజాం కాలంలో వేసిన మీటర్ గేజ్ లైను. సికింద్రాబాద్ వైపు నుంచి దక్షిణానికి దిగి, కృష్ణ దాటి గద్వాల, ఆ పైన తుంగభద్ర దాటి కర్నూలు చేరేది. ఆ దారిలోని కాచిగూడ స్టేషన్ భవనం 1916 నాటిది. 1990లలో ఆ పట్టాలు పీకి బ్రాడ్ గేజ్ వేశారు. దాంతో మీటర్ గేజ్ బొగ్గు ఇంజన్‌కు అక్కడ నిలబడే చోటు కూడా లేకుండా పోయింది. బ్రాడ్ గేజ్ మీద రోజువారీ బండిని బొగ్గు ఇంజన్ లాగడం దేశమంతటా 1995తో ముగిసింది. కాబట్టి ఇవాళ పాలమూరు పిల్లలెవరైనా ఆవిరి ఇంజన్‌ను ఫొటో తీయాలని సరదా పడితే, వాళ్లకు దొరికేది ఏ స్టేషన్ ముందో, రైల్వే ఆఫీసు ఆవరణలోనో, మ్యూజియంలోనో సిమెంటు దిమ్మె మీద రెండు పట్టా ముక్కలపై నిలబెట్టిన చల్లటి ఇనుము.

అలాంటి ఇంజన్‌ను ఫొటో తీయడం దండగ అని ఆవిరి రైళ్లంటే ప్రాణం పెట్టే ఫొటోగ్రాఫర్లలో చాలామంది అంటారు. నిప్పు లేదు, ఆవిరి లేదు, కదలిక లేదు. ఉన్నది కళేబరం, దాని బొమ్మ ఎవరికి కావాలి అని వాళ్ల ప్రశ్న. ఈ వ్యాసం ఆ మాటకు ఎదురు నిలుస్తుంది. పొగ కక్కుతూ మలుపు తిరిగే ఇంజన్ బొమ్మ అందంగా ఉంటుంది, అందులో పేచీ లేదు. అయితే యంత్రం సంగతి అది చెప్పేది తక్కువ, దాచేది ఎక్కువ. కొన్నిసార్లు అబద్ధం కూడా చెబుతుంది. తెలిసి తీస్తే, చల్లారిన ఇంజన్ ఫొటోయే ఆ యంత్రం ఎలా పనిచేసేదో విప్పి చూపిస్తుంది. ఎందుకో తేల్చాలంటే వెలుతురు, నీరు, బొగ్గు, చక్రం, ఈ నాలుగింటి లెక్కా కొంచెం చూడాలి.

ముందు, నడిచే ఇంజన్ పైన కనిపించే ఆ తెల్లటి మబ్బు. అది ఆవిరి కాదు. ఆవిరికి రంగు లేదు, అది కంటికి ఆనదు. కుక్కర్ కూత పెట్టినప్పుడు వంగి చూస్తే, వెయిట్ పక్కన రంధ్రానికీ తెల్లటి పొగకూ నడుమ కొద్దిమేర ఏమీ లేనట్టు కనబడుతుంది. అసలు ఆవిరి ఆ ఏమీ లేనట్టున్న చోటే ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక మన మీటర్ గేజ్ అంతటికీ ప్రయాణికుల బళ్ల కోసం ప్రమాణంగా తెచ్చిన వైపీ ఇంజన్ బాయిలర్‌లో చదరపు అంగుళానికి 210 పౌండ్ల పీడనం ఉండేది. ఆ పీడనం దగ్గర నీళ్లు 200 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా మరుగుతాయి. సిలిండర్లో పని ముగించుకున్న ఆవిరి పొగగొట్టం నుంచి బయటపడి, చల్లగాలి తగిలి, సన్నటి నీటి తుంపరలుగా మారినప్పుడే కెమెరాకు చిక్కుతుంది. తుంపర్లు వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడతాయి కాబట్టి తెల్లగా కనిపిస్తాయి. మరి ఆ మబ్బు ఎంత పెద్దదవుతుంది, ఎంతసేపు నిలుస్తుంది అన్నది ప్రధానంగా బయటి గాలి చేతిలో ఉంది. 10 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి 9 గ్రాముల పైచిలుకు నీటి ఆవిరిని మాత్రమే ఇముడ్చుకోగలదు. 40 డిగ్రీల దగ్గర 51 గ్రాముల దాకా ఇముడ్చుకుంటుంది. గద్వాల మే నెల మధ్యాహ్నం, పొడి గాలిలో, మబ్బు పుట్టీ పుట్టకముందే ఆరిపోతుంది. అదే ఇంజన్, అదే బరువు, అదే వేగం ఇంగ్లండులో జనవరి పొద్దున అయితే ఆకాశం సగం కప్పేస్తుంది. ప్రపంచంలో పేరుపడ్డ ఆవిరి రైలు ఫొటోల్లో చాలా చలిదేశాల చలికాలానివి కావడానికి ఒక కారణం ఇదే. ఆ మబ్బును చూసి ఇంజన్ బలాన్ని అంచనా కట్టేవాడు నిజానికి థర్మామీటర్ చదువుతున్నాడు.

నల్లపొగ సంగతి ఇంకా విచిత్రం. బొగ్గు పూర్తిగా కాలితే పొగగొట్టం పైన కనబడేది చాలా తక్కువ. దట్టమైన నలుపు అంటే కాలకుండా తప్పించుకున్న కార్బన్ మసి. నిప్పుపెట్టెలోకి గాలి చాలకపోయినా, పారతో బొగ్గు ఎడాపెడా విసిరినా అది వస్తుంది. మంచి ఫైర్‌మన్ కొద్దికొద్దిగా, పలచగా, నిప్పు ఎక్కడ తెల్లబడిందో చూసి అక్కడే వేస్తాడు. అతని బండి మీద పొగ లేత బూడిదరంగులో ఉంటుంది. అసలే ఆవిరి ఇంజన్ బొగ్గులోని శక్తిలో పదోవంతు కూడా చక్రాలకు అందించలేదు. నల్లపొగతో ఆ కొంచెంలోనూ కోత పడుతుంది. అయినా ఫొటోల కోసం ప్రత్యేకంగా నడిపే పాత బళ్ల మీద జరిగే తంతు చూడండి. ఫొటోగ్రాఫర్లందరినీ గట్టు మీద దింపుతారు. బండి వెనక్కి పోతుంది. డ్రైవర్‌కు, ఫైర్‌మన్‌కు ముందే చెప్పి ఉంచుతారు, పొగ బాగా రావాలని. ఫైర్‌మన్ తన పని తాను కావాలని చెడగొట్టుకుంటాడు, బండి ఊళ్లు మింగేటట్టు వస్తుంది, కెమెరాలన్నీ ఒక్కసారి టకటకలాడతాయి. ఆ బొమ్మ చూసి మనం శక్తి అనుకునేది సగానికి సగం వృథా.

దీనికి గట్టి సమాధానం ఒకటుంది. ఫొటో ప్రయోగశాల నివేదిక కాదు, కళ. కళలో కూర్పు తప్పెలా అవుతుంది? ఈ మాట కొట్టిపారేయదగింది కాదు. ఎందుకంటే ఆ పక్షాన ఓ. విన్‌స్టన్ లింక్ ఉన్నాడు. అమెరికాలో నార్‌ఫోక్ అండ్ వెస్ట్రన్ రైల్వే బొగ్గు ఇంజన్లను ఇంకా వదలని రోజుల్లో, 1955 నుంచి 1960 వరకు, అతను ఆ ఇంజన్లను ఎక్కువగా రాత్రిపూట తీశాడు. సూర్యుడిని తనకు కావలసిన చోటికి జరుపుకోలేడు గనుక సూర్యుడే లేకుండా చేసుకున్నాడు. పదుల సంఖ్యలో ఫ్లాష్ బల్బులు తీగలతో కలిపి, బండి సరిగ్గా అనుకున్న చోటికి వచ్చిన క్షణంలో అన్నీ ఒకేసారి వెలిగేటట్టు ఏర్పాటు చేశాడు. వెస్ట్ వర్జీనియాలో 1956లో తీసిన అతని బొమ్మ చాలామందికి తెలుసు. ముందు కారులో కూర్చున్న జంట, ఎదురుగా ఆరుబయట సినిమా తెర మీద విమానం, పక్కన తెల్లటి మబ్బుతో దూసుకుపోతున్న గూడ్సు. అంత వెలుగు ఒక్కసారి పడేసరికి తెర మీది బొమ్మ వెలిసిపోతుంది. అందుకే ఆ విమానాన్ని లింక్ తర్వాత డార్క్‌రూమ్‌లో చేర్చాడు. గొప్ప కళ అని ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ బొమ్మ చెప్పేది రైలు పక్కన బతికిన మనుషుల కథ. ఇంజన్ ఎలా నడిచిందో అడిగితే దాని దగ్గర జవాబు లేదు. లింక్ కూడా అలాంటి జవాబు ఇస్తానని ఎక్కడా మాటివ్వలేదు. పేచీ అల్లా అతన్ని అనుకరిస్తూ దాన్నే రికార్డు అనేవాళ్లతోనే.

కదిలే ఇంజన్ ఫొటో రికార్డుగా ఎందుకు నమ్మదగింది కాదో చక్రాన్ని చూస్తే తెలుస్తుంది. వైపీ పెద్ద చక్రం వ్యాసం 54 అంగుళాలు, అంటే సుమారు 137 సెంటీమీటర్లు. చుట్టుకొలత 4.3 మీటర్లు. బండి గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు 20 మీటర్లు జరుగుతుంది, చక్రం సెకనుకు నాలుగున్నర సార్లకు పైగా తిరుగుతుంది. కెమెరాలో 1/500 సెకను పెట్టారనుకోండి. ఆ వ్యవధిలో ఇంజన్ ఒళ్లు 4 సెంటీమీటర్లు కదిలింది. చక్రం మాత్రం అంతటా ఒకేలా కదలదు. పట్టాను తాకిన చోటు ఆ క్షణానికి నిలకడగా ఉంటుంది, నెత్తి మీది చోటు బండికి రెట్టింపు వేగంతో, 8 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. అందుకే కెమెరాను కదపకుండా, బండి మంచి వేగంలో ఉండగా తీసిన ఫొటోలో చక్రం కింది ఆకులు లెక్కపెట్టవచ్చు, పై ఆకులు అలుక్కుపోతాయి. చక్రాలను కలిపే రాడ్ సంగతీ అంతే. వైపీలో అది ఇరుసు నుంచి 12 అంగుళాల దూరంలో తిరుగుతుంది కాబట్టి, కిందికి దిగినప్పుడు బండి వేగంలో 56 శాతం, పైకి లేచినప్పుడు 144 శాతం వేగంతో పోతుంది. రాడ్లు కిందికి ఉన్నప్పుడే నొక్కాలని పాతకాపులు చెప్పే చిట్కా వెనక అందం ఒక్కటే లేదు, ఈ లెక్క కూడా ఉంది. ఇక చేతిలో ఫోను ఉన్నవాళ్లకు వేరే తంటా. ఫోను సెన్సర్ బొమ్మ మొత్తాన్ని ఒక్కసారి తీసుకోదు, పై వరుస నుంచి కింది వరుసకు చదువుకుంటూ పోతుంది. ఆ చదవడానికి 1/30 సెకను పట్టిందనుకుంటే, పొగగొట్టం దగ్గర మొదలైన చదువు చక్రం దగ్గరకు వచ్చేసరికి బండి అరమీటరుకు మించి జరిగిపోయి ఉంటుంది. నిటారు గొట్టం వాలుతుంది, గుండ్రటి చక్రం కోలగా సాగుతుంది. ఫ్రాన్సులో లార్టీగ్ తీసిన పందెం కారు బొమ్మలో చక్రం ముందుకు సాగిన కోడిగుడ్డులా కనబడటం నూరేళ్ల పైబడ్డ సంగతి. అక్కడ పనిచేసింది తెర షట్టర్, ఇక్కడ పనిచేసేది సెన్సర్. సూత్రం మాత్రం ఒక్కటే.

ఇంజన్లు తయారుచేసిన కంపెనీలకు ఇదంతా బాగా తెలుసు. కొత్త ఇంజన్ ఫొటోను అవి ఎలా తీయించుకున్నాయో చూస్తే ఈ వాదానికి అంతకంటే బలమైన సాక్ష్యం అక్కర్లేదు. బ్రిటన్‌లోని పెద్ద ఫ్యాక్టరీల్లో ఇంజన్‌ను నిప్పు వేయకుండా నిలబెట్టి, నిగనిగలాడే రంగుల బదులు మెరుపు లేని బూడిదరంగు పూసేవారు. ఫొటో అయ్యాక అసలు రంగు వేసేవారు. అప్పటి గాజు ప్లేట్లకు నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ తెలిసేది. ఎర్రటి బఫర్ బల్ల నల్లటి మచ్చగా పడేది. నున్నటి నలుపు మీద ఆకాశం మెరిసి కింది భాగాలు చీకట్లో కలిసిపోయేవి. బూడిదరంగు వేస్తే ప్రతి బోల్టూ, ప్రతి రివెట్టూ తేలుతుంది. వెనకాల ఉన్న గోడలూ చెట్లూ అడ్డమని నెగెటివ్ మీద వాటిని మాపేసేవారు కూడా. అంటే యంత్రాన్ని కన్నవాళ్లే దాన్ని చల్లగా, కదలకుండా, పొగ లేకుండా తీశారు. మన దగ్గర కూడా ఈ రకం చూపు కొత్తేమీ కాదు. రూర్కీ ఇంజనీరింగు కాలేజీలో చదువుకుని నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయిన రాజా దీన్‌దయాళ్, మధ్య భారతంలోని పాత కట్టడాలను ఇలాంటి ఓపికతోనే, రాయి రాయీ తెలిసేటట్టు తీశాడు. గుడి కదలడం లేదు కాబట్టి బొమ్మ దండగ అని ఆ ఫొటోల గురించి ఎవరూ అనలేదు.

బూడిదరంగు పూసే హక్కు మనకు లేదు కాబట్టి వెలుతురుతో సర్దుకోవాలి. కెమెరా మీటర్ ఎదురుగా ఉన్నది సుమారు 18 శాతం వెలుతురును వెనక్కి పంపే మధ్యరకం బూడిద అని అనుకుని లెక్క వేస్తుంది. మసి పట్టిన నలుపు పంపేది నాలుగైదు శాతమే. మీటర్‌ను నమ్మితే నల్ల ఇంజన్ బూడిదగా వస్తుంది. నడిచే ఇంజన్ దగ్గర ఇదొక పెద్ద చిక్కు. ఎండ తగిలిన మబ్బు ఒకవైపు దాదాపు తెల్లకాగితమంత వెలుగుతుంటుంది, దాని పక్కనే నల్లటి ఇనుము, ఇనుము కింద నీడలో రాడ్లు. మబ్బును కాపాడితే రాడ్లు పోతాయి, రాడ్లు కావాలంటే మబ్బు వెలిసిపోతుంది. ఫొటోగ్రాఫర్ దాదాపు ఎప్పుడూ మబ్బునే కాపాడతాడు. చల్లటి ఇంజన్ దగ్గర ఆ పోటీ లేదు. మబ్బు పట్టిన రోజున, లేదా పొద్దు పొడిచిన కాసేపటికి, కెమెరాను స్టాండు మీద పెట్టి, నీడలోని భాగాలకు సరిపడా వెలుతురు ఎక్కించుకోవచ్చు. మన ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మాత్రం దండగ. చక్రాల పైన పొడవునా ఉండే ఫుట్‌ప్లేటు నీడ కత్తితో కోసినట్టు చక్రాల మీద పడి సగం యంత్రాన్ని మింగేస్తుంది.

ఇప్పుడు ఆ నీడలో ఏముందో చూడండి. ఇంజన్‌కు ఒకవైపు నిలబడితే రాడ్ పూర్తిగా కిందికి దిగి ఉందనుకుందాం. చుట్టు తిరిగి అవతలి వైపు వెళితే అక్కడ రాడ్ ఇరుసుల ఎత్తుకే, అడ్డంగా, ముందుకో వెనక్కో జరిగి ఉంటుంది. రెండు వైపులా రాడ్లు తగిలించే క్రాంకులను పావు చుట్టు తేడాతో బిగించడం వల్ల వచ్చిన తేడా ఇది. ఒకవైపు పిస్టన్ కొస దాకా వెళ్లి తోయలేని స్థితిలో ఆగినా, రెండోవైపు పిస్టన్ నడుమ ఉండి తోయగలుగుతుంది. ఇంజన్ ఎక్కడ ఆగినా మళ్లీ కదలగలగడానికి ఆధారం ఇదే. రెండు సిలిండర్ల ఇంజన్ చుట్టుకు నాలుగుసార్లు, సమానమైన ఎడంతో చుక్ మనడం కూడా దీనివల్లే. వైపీ లెక్కలో, ప్రతి 108 సెంటీమీటర్ల ప్రయాణానికి ఒక చప్పుడు. చిన్నప్పటి నుంచి పిల్లలు నోటితో చేసే ఆ చప్పుడుకు మూలం రెండు ఫొటోల్లో దొరుకుతుంది, ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి. దూసుకొచ్చే బండిని ఒకేసారి రెండు వైపుల నుంచి ఒక్కడు తీయలేడు. ఇంకాస్త ముందుకు, సిలిండర్ దగ్గరకు వస్తే వాల్‌షార్ట్స్ అనే బెల్జియన్ 1844లో రూపొందించిన కడ్డీల కూర్పు కనిపిస్తుంది. అందులో వంపు తిరిగిన లింకు ఒకటి, దాని గాడిలో పైకీ కిందికీ జరిగే సన్నటి కడ్డీ ఒకటి. కడ్డీ గాడి నడుమ ఉంటే ఇంజన్ ఎటూ పోదు. ఒక కొసకు ఉంటే ముందుకు, రెండో కొసకు ఉంటే వెనక్కి. దిమ్మె మీది ఇంజన్‌లో ఆ కడ్డీ ఎక్కడుందో చూడండి, దానికి చివరిసారి ఎటు పొమ్మని ఆజ్ఞ అందిందో తెలుస్తుంది. దిమ్మె ఎక్కించిన క్రేను మనుషులు దాన్ని కదిపి ఉండకపోతే లెండి.

దిమ్మె మీది ఇంజన్ అసలు రూపంలో లేదు కదా అన్నది మరో అభ్యంతరం. ఇందులో చాలా నిజం ఉంది. పండుగలకు, పెద్దల రాకకు వేసిన రంగుల మీద రంగులు, బంగారు గీతలు, ఎప్పుడూ లేని నక్షత్రాలు. ఇత్తడి తయారీ పలకలు మాయమైపోయి, వాటి బోల్టు రంధ్రాలు మిగులుతాయి. గేజీలు, కూత పెట్టే విజిలు కూడా ఉండవు చాలాచోట్ల. అయితే ఇది ఫొటో తీయవద్దనడానికి కారణమెలా అవుతుంది? త్వరగా తీయమనడానికే కారణం. పైగా రంగు కింద కూడా చదువుకోవలసింది మిగిలి ఉంటుంది. షెడ్డులో రిపేరుకు వచ్చిన ఇంజన్ల రాడ్లు, కడ్డీలు తారుమారు కాకుండా వాటి మీద పంచ్‌తో నంబర్లు కొట్టేవారు. అత్యవసరమైతే ఒకదాని భాగం మరొకదానికి బిగించేవారు. అందుకే క్యాబ్ మీద ఒక నంబరు, రాడ్ మీద ఇంకో నంబరు కనిపించడం అరుదేమీ కాదు. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఆ అంకెలు కనిపించవు. టార్చిలైటును ఇనుము మీద దాదాపు ఆనించి పక్క నుంచి వేయాలి. అర మిల్లీమీటరు లోతు గీత మీద 60 డిగ్రీల ఎత్తు నుంచి పడే వెలుతురు 0.3 మిల్లీమీటర్ల నీడనే ఇస్తుంది. 10 డిగ్రీల ఎత్తు నుంచి పడితే దాదాపు 3 మిల్లీమీటర్ల వెడల్పు గీతనైనా నీడ నింపేస్తుంది. నాలుగు పొరల రంగు కిందా అంకె లేచి నిలబడుతుంది. శాసనాలు చదివేవాళ్లు రాళ్ల మీద చేసే పనే ఇది.

చలనం లేకపోవడం వల్ల కలిసొచ్చేది ఇంకొకటుంది. ఒక వస్తువు చుట్టూ తిరుగుతూ, ఒక ఫొటోలో ఉన్నదాంట్లో సగానికి పైగా తర్వాతి ఫొటోలోనూ వచ్చేటట్టు వరసగా తీసుకుంటూ పోతే, ఆ బొమ్మల నుంచి కంప్యూటరు మూడు కొలతల నమూనా కట్టగలదు. ఏ బిందువు ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు ఎంత జరిగిందన్నదే దాని లెక్క. పక్కన ఒక మీటరు బద్ద పెట్టి తీస్తే నమూనాలో కొలతలు కూడా తీసుకోవచ్చు. నిగనిగలాడే రంగు దీనికి శత్రువు, ఎందుకంటే మెరుపు మనతో పాటు జరుగుతూ కంప్యూటరును తికమక పెడుతుంది. ఇక్కడా మబ్బు రోజే మేలు. రేపు ఆ దిమ్మె పక్కన రోడ్డు వెడల్పు చేసి ఇంజన్‌ను ఎటో తరలించినా, తుప్పు తిని తుక్కుకు వేసినా, నమూనా మిగులుతుంది.

ఇంత చెప్పాక కూడా ఒక్క మాట ఒప్పుకోవాలి. చప్పుడు, వేడి, నూనె వాసన, ఎక్కుడు మీద ఇంజన్ పడే పాటు, ఇవేవీ దిమ్మె మీద దొరకవు. వాటి కోసం నడిచే ఇంజన్ దగ్గరకే పోవాలి. తెలుగువాళ్లకు అందుబాటులో ఉన్నది నీలగిరి కొండ రైలు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ దారిలో కల్లార్ నుంచి కూనూరు దాకా పట్టాల నడుమ పళ్ల కడ్డీ ఉంటుంది. సుమారు 12 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కే ఆ ఎక్కుడు మీద ఇంజన్ వెనకనుండి బండిని తోస్తుంది. దాని ఎక్స్ తరగతి ఇంజన్‌లో మామూలు చక్రాలకు ఒక జత సిలిండర్లు, పళ్ల చక్రాలకు ఇంకో జత. ఆ విశేషం కొండ మలుపులో మబ్బు కమ్మిన ఏ ఫొటోలోనూ కనిపించదు. అక్కడ కూడా, నీళ్లు పట్టడానికి బండి ఆగినప్పుడు, అందరూ ముందుకు పరుగెత్తి ముఖం తీస్తుంటే, వంగి పక్కనుంచి సిలిండర్లను తీసినవాడికే అది దొరుకుతుంది.

కాబట్టి మీ ఊరికి దగ్గర్లో ఏ స్టేషన్ ముందైనా, ఏ పార్కులోనైనా పాత ఇంజన్ కనబడితే ఒక పొద్దున పూట కేటాయించండి. కుడి, ఎడమ పక్కలు నిటారుగా, పూర్తి పొడవునా తీయండి. ముందు, వెనక, క్యాబ్ లోపల, చక్రాల ఆకులు, లింకు, రాడ్ల మీది నంబర్లు, పలక ఊడిపోయిన రంధ్రాలు, ఏదీ వదలకండి. ఏదైనా ఒక బొమ్మలో కొలబద్ద పెట్టండి. ఊరు, తేదీ, ఇంజన్ నంబరు ఫొటోతో పాటే రాసిపెట్టండి. పాత మీటర్ గేజ్ లైను మీద పనిచేసి రిటైరైన డ్రైవర్లు, ఫైర్‌మన్లు, ఫిట్టర్లు గద్వాలలో, మహబూబ్‌నగర్‌లో, కాచిగూడలో ఎవరైనా తెలిసి ఉంటే ఆ ఫొటోలు వాళ్లకు చూపించి, ఏ భాగం పేరేమిటో, ఏది తప్పుగా బిగించారో అడిగి రాసుకోండి. పొగ బొమ్మే కావాలంటే జనవరిలో పొద్దున్నే కూనూరు వెళ్లండి. మేలో వద్దు.